రెండు సున్నాలు

నేనొక బార్ చార్టుని. కరెంటు పోయేలోగా పని ముగించాలని ఓ తెలుగమ్మాయి తొందరపడుతున్న సాయంత్రం, యాంగోన్ రేవుకి దగ్గర్లోని ఇంట్లో పుట్టాను.

వాళ్ల ముత్తాత ఇదే రేవులో బస్తాలు మోశాడు. కాకినాడ దగ్గరి కోరంగి పేరు మీద బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనేవారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మెకట్టారు. యజమానులు వాళ్ల బదులు బర్మావాళ్లని పెట్టుకుని, సమ్మె తీరగానే పొమ్మనడంతో గొడవలు చెలరేగి ప్రాణాలు పోయాయి. మరుసటేడు జనాభా లెక్కల్లో, అప్పట్లో రంగూన్ అనే ఈ ఊరి జనం 4,00,415. అందులో తెలుగువాళ్లతో కలిపి భారతీయులు 2,12,929. నా రెండు స్తంభాలు ఈ రెండంకెలే.

వాటిని షీటులో ఎక్కించింది అమ్మాయి వాళ్ల నాన్న, బర్మా అంకెల్లో. అమ్మాయి పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో నన్ను తయారుచేసింది. ఆ లైబ్రరీ ఒక్క గీతా గీయదు. ఏ గడి నుంచి ఏ గడిదాకా చూడాలో, నేనెక్కడ కూర్చోవాలో ఫైల్లో రాసిపెడుతుంది. ఫైలు తెరిచాక గీసేది ఎక్సెల్. నా దగ్గరుండేవి అంకెలు కావు, వాటి చిరునామాలు.

మొదటిసారి తెరిస్తే స్తంభాలే లేవు. బర్మా అంకెల్ని ఎక్సెల్ అక్షరాలనుకుంది, అక్షరాలకి ఎత్తుండదు. పైథాన్‌కి మాత్రం ఆ అంకెలు తెలుసు. ఇంట్ అనే ఫంక్షన్‌కి ఇస్తే 2,12,929 చక్కగా అంకైంది. 4,00,415 దగ్గర ఎర్రర్ వచ్చింది.

అమ్మాయి ఆ గడిని పెద్దది చేసి చూసింది.

"నాన్నా, సున్నా ఎలా కొట్టావ్?"

"అందరూ కొట్టినట్టేనమ్మా."

ఆయన కొట్టింది 'వ' అక్షరం. బర్మా లిపిలో వ, సున్నా రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి కొట్టడం అక్కడ మామూలే, కంటికి తేడా తెలీదు. ఆయన తప్పని నేననను. భారతీయుల అంకెలో సున్నా లేదు గనక అది నిలబడింది, ఊరి అంకె పడిపోయింది. ఊరు మొత్తం కనపడకపోతే, అందులో సగానికి పైగా మనవాళ్లేనని ఎవరికి తెలుస్తుంది? నాకు బాధేసింది అందుకే.

వ కనబడ్డచోట సున్నా పెట్టమని ఒక్క లైను రాసింది. కనపడకుండా పోయిన నా అక్షాల్ని ఇంకో రెండు లైన్లతో రప్పించింది. ఇప్పుడు నా రెండో స్తంభం మొదటిదాని సగం దాటి నిలబడి ఉంది.

పాత లెక్కలు ఎక్కించేవాళ్లు సున్నాల దగ్గర ఒక్క క్షణం ఆగండి.