గూండాగారికి గోల్డ్ మెడల్

నాంపల్లిలో ఓ కాలేజీవారి పట్టాల పండగ. గుండా వారబ్బాయికి గోల్డ్ మెడల్ వచ్చింది. మైకు పట్టుకున్న అమ్మాయి ‘గూండా’ అని పిలిచింది. అబ్బాయి నల్లగౌను సర్దుకుంటూ బుద్ధిగా మెట్లెక్కాడు. హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి మాత్రం ఓ అడుగు వెనక్కి వేసినట్టు నాకనిపించింది. ఆ వెంటనే బత్తుల వారమ్మాయి ‘బాతుల’ అయిపోయింది. నా పక్క సీట్లో వాళ్ల నాన్న. “పిలిచింది మన పిల్లనేనా?” అని భార్యను అడిగాడు. “నడక మన పిల్లదేనండీ, ముందు ఫోటో తీయండి!” అందావిడ.

మైకు అమ్మాయిని ఏమనగలం? ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, కానీ చేతిలో ఉన్నది ఇంగ్లీషు జాబితా. పదో తరగతి మెమోలో పడిన స్పెల్లింగు జన్మంతా వదలదు. తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగి, మళ్లీ తెలుగు నోట్లోకి ఎక్కేసరికి దీర్ఘాలు దారి తప్పుతాయి, ఒత్తులు ఊడిపోతాయి.

ఇది ఇంగ్లీషు ఒక్కదాని పాపమూ కాదు. 1919లో ఉస్మానియా క్లాసులు ఇక్కడికి దగ్గర్లోనే, నిజాం కాలేజీ పక్కన, ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాయి. ఉర్దూ రాతలో హ్రస్వాలకు మామూలుగా గుర్తులు వేయరు. గుండా వారి ముత్తాత ఆ క్లాసుల జాబితాలోకెక్కి ఉంటే, చదివేవారి దయను బట్టి గండా, గిండా, గుండా ఏదైనా అయ్యేవాడు.

ఈ చుట్టుపక్కల పేటల పేర్లు మాత్రం తక్కువ నలిగాయా? ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల పక్క పేట ఆబిడ్స్ అయింది. ఆయనా లేడు, దుకాణమూ లేదు, చివరి ‘స్’ మిగిలింది. నాంపల్లి స్టేషన్‌కు రైల్వేవారి పేరు హైదరాబాద్ దక్కన్. ఆటో అతనికి ఆ పేరు చెప్పి చూడండి, “కౌన్సా స్టేషన్?” అంటాడు. పేటలకు పట్టింపు లేదు. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రికి ఉంటుంది.

అమెరికావాళ్ల నోట్లో మన పేర్లు నలుగుతాయని వాపోతాం గానీ, వాళ్ల పేర్లకే దిక్కులేదు. 2024లో ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ నర్సింగ్ పట్టాల సభలో ‘థామస్’ అన్న పేరును ‘థమోమే’ అన్నట్టు చదివారు. సాక్షాత్తూ యూనివర్సిటీ పేరు! కార్డుల మీద రాసిచ్చిన ఉచ్చారణ గుర్తులే కొంప ముంచాయట. తర్వాత క్షమాపణ చెప్పారు. అక్కడ కొన్ని యూనివర్సిటీలు ఇప్పుడు పిల్లల గొంతులోనే పేరు రికార్డు చేయించి, చదివేవారికి ముందుగా వినిపిస్తున్నాయి.

మన గుళ్లో పూజారిగారు ఈ పద్ధతి ఎప్పుడో కనిపెట్టారు. “పేరు? గోత్రం?” అని అడుగుతారు, విన్నది విన్నట్టు దేవుడికి చెబుతారు.

అయ్యా, పరీక్షల విభాగం వారూ! జాబితాలో పేరు తెలుగులోనూ అచ్చు వేయించండి. వేదిక మెట్ల దగ్గర ఒకరిని నిలబెట్టి “నీ పేరేంటమ్మా?” అని అడిగించండి. నాలుగేళ్లూ హాల్‌టికెట్ నంబరుతోనే పిలిచారు. ఆ ఒక్క పూటైనా పేరుతో పిలవండి.