దేశభక్తికి గంటల లెక్క

వారానికి 70 గంటల పని అనేది ఈ శతాబ్దపు భారతీయ కార్పొరేట్ సిద్ధాంతం. యువత అంతసేపు పనిచేస్తేనే దేశం ముందుకెళ్తుందని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 2023 అక్టోబరులో ఒక పాడ్‌కాస్ట్‌లో సెలవిచ్చారు. 2025 జనవరి వచ్చేసరికి ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ పాట 90కి పెంచారు. ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నానని ఆయన విచారించారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారన్న సందేహమూ వెలిబుచ్చారు. పదిహేను నెలల్లో ఇరవై గంటల పెంపు! ఆ శాతంలో ఇంక్రిమెంట్ అడిగే ధైర్యం హైటెక్ సిటీలో ఎవరికీ లేదు.

వారానికి ఉన్నవి 168 గంటలు. ఏ సిద్ధాంతమూ వీటిని పెంచలేకపోయింది. 90 పోతే మిగిలేవి 78. రోజుకు ఏడు గంటల నిద్రకు 49, రానూపోనూ ట్రాఫిక్‌కు 14 తీసేస్తే చేతిలో ఉండేవి పదిహేను. అంటే రోజుకు రెండు గంటల పైచిలుకు. స్నానం, భోజనం, పిల్లల హోంవర్కు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోను, కరెంటు బిల్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇక భార్య మొహం చూసే తీరిక ఎక్కడిదన్నది చైర్మన్‌గారే చెప్పాలి. 2023–24లో ఆయన అందుకున్నది సుమారు 51 కోట్ల రూపాయలు. అది ఆ సంస్థలో మధ్యస్థ జీతానికి 534 రెట్లు. జీతం గంటలను బట్టే వస్తుందనుకుంటే ఆయన వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారో లెక్కకట్టడానికి క్యాలెండరు చాలదు.

సిద్ధాంతానికి సాక్ష్యంగా చూపేది రెండో ప్రపంచ యుద్ధానంతర జర్మనీని, జపాన్‌ను. సాక్షులను కాస్త గుచ్చి అడిగితే కథ అడ్డం తిరుగుతుంది. జర్మనీ యుద్ధ శిథిలాల నుంచి లేచి పట్టుమని పదేళ్లు దాటిందో లేదో, 1956 మే డేకు అక్కడి కార్మిక సంఘాలు ఒక పోస్టరు వేశాయి. అందులో ఒక పిల్లవాడు, శనివారం నాడు నాన్న తనకే కావాలని పట్టుపడుతూ ఉంటాడు. అడిగింది ఐదు రోజుల వారం, 40 గంటల పని. అది సాధించుకున్నాక కూడా ఆగలేదు. 1984లో పెద్ద సమ్మె చేసి, 1995 నాటికి పశ్చిమ జర్మనీ లోహ పరిశ్రమ కార్మికులు 35 గంటలకు దిగారు. ఏడాది పని గంటల్లో ఓఈసీడీ దేశాల జాబితా అట్టడుగున ఉండేది ఇప్పుడు జర్మనీయే. జపాన్ సంగతి ఇంకా విషాదం. అతిపనితో మనుషులు చచ్చిపోకుండా చూడాలని 2014లో ప్రత్యేకంగా చట్టమే చేసుకోవలసి వచ్చింది. ఆదర్శ దేశాలు వదిలించుకోవడానికి నానా తంటాలు పడుతున్న జబ్బును ఇక్కడ బలానికి మందుగా అమ్ముతున్నారన్నమాట.

మన దేశంలో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించింది ఫ్యాక్టరీల చట్టానికి 1946లో చేసిన సవరణ. అప్పట్లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినవారు అంబేడ్కర్. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ 48నే ఖాయం చేసి, ఆపైన చేసే ప్రతి గంటకూ రెట్టింపు కూలి ఇవ్వాలంది. ఆ లెక్కన 70 గంటలు పనిచేసినవాడికి 92 గంటల జీతం రావాలి. ఈ కూడిక మాత్రం ఏ ఉపన్యాసంలోనూ వినపడదు.

ప్రభుత్వాలు గంటల మాట ఇంత బాహాటంగా అనవు. అవి సులభతర వాణిజ్యం అంటాయి. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో రోజు పని గరిష్ఠాన్ని తొమ్మిది నుంచి పది గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్‌ను 75 నుంచి 144 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థలకు పది గంటల ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతుతో. కృష్ణా జలాల్లో ఒక్క టీఎంసీ దగ్గర రాజీపడని రెండు ప్రభుత్వాలు, వేర్వేరు జెండాల కింద ఉండి కూడా, పదో గంట దగ్గర నెల రోజుల తేడాలో ఏకమయ్యాయి.

ఆచరణలో ఈ సిద్ధాంతం ఎలా ఉంటుందో ఐటీ ఉద్యోగి టైమ్‌షీటు చూస్తే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదికి లాగిన్ అయినవాడు రాత్రి పదింటికి అమెరికా క్లయింటుతో కాల్ ముగించినా, శుక్రవారం సాయంత్రం నింపే గడిలో పడేది ఎనిమిదే. క్లయింటుతో కుదిరిన బిల్లింగ్ అంతే కాబట్టి. తొమ్మిదో గంట నుంచి అంతా దేశసేవ. ప్రాజెక్టు అయిపోతే సేవకుడు బెంచి మీదికి వెళ్తాడు. కొన్నాళ్లు మరో ప్రాజెక్టు దొరక్కపోతే హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తుంది. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతాన్ని, అంటే పన్నెండు వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఆ పన్నెండు వేల మంది 70 గంటలు చేయనందుకే పోతున్నారని ఎవరూ అనలేదు. ఫ్రెషర్ల ప్యాకేజీ పదిహేనేళ్లుగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఎందుకు కూర్చుందన్న ప్రశ్నకూ ఈ సిద్ధాంతం పరిధిలో జవాబు లేదు.

అసలు 70 గంటలు ఎప్పుడో దాటేసినవాళ్లు ఒకరున్నారు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 97. ఆడవాళ్ల లెక్క వారానికి దాదాపు 35 గంటలు. ఉద్యోగం చేసే ఇల్లాలికి అందులో కొంత తగ్గుతుందనుకున్నా, ఆఫీసు 48 కలిపితే 70 కంటే ఎక్కువే అవుతుంది. ఆమెను ఏ వేదిక మీదా యువతకు ఆదర్శంగా చూపిన దాఖలా లేదు. ఇంట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ల ఖాతాలోనే ఆమె పేరూ ఉంది.

బాగా బతకడం ఎలా అన్నదానికి కూడా కంపెనీల దగ్గర ఏర్పాటుంది. ఏటా ఒక వెల్‌నెస్ వారం జరుపుతారు. ఒత్తిడి తగ్గించుకోవడం, కుటుంబంతో నాణ్యమైన సమయం గడపడం మీద నిపుణుల చేత వెబినార్ పెట్టిస్తారు. క్లయింటు పనికి అడ్డురాకుండా దాన్ని శనివారం సాయంత్రానికి వేస్తారు. హాజరు తప్పనిసరి, టైమ్‌షీటులో మాత్రం రాసుకోకూడదు.