వ్రేలు ఎచ్చట నుంచవలెను?

2020లో మహమ్మారి బడులకు తాళము వేయగా, దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ పాఠములు ప్రవహించిన దినములలో, జొన్నాడ యొద్ద గౌతమీతీరమున నున్న బాలురు పంతులుగారి ప్రశ్నకు ఎంత బిగ్గరగా ఉత్తర మిచ్చినను, ఆ టీవీ పెట్టెకు నోరే గాని చెవులు లేవయ్యెను.

పిదప 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదవ తరగతికి ట్యాబులు వచ్చినవి. ఆ మీదట సర్కారు బడుల గోడలపై, వ్రేలితో తాకిన బదులు పలుకు ప్యానెళ్లు వెలసినవి. అయినను ‘నోటిమీద వేలు’ అను పురాతన శాసన మింకను రద్దు కాలేదు. తెరపైననో నోటిపైననో తేలక, వెనుకబల్ల విద్యార్థి తన వ్రేలిని నాసికారంధ్రమున నిలిపి, తరగతిలో నెల్లరికంటె చురుకుగా పనిచేయుచున్నాడు.