అద్దానికి అంటుకున్న కాగితం ఆత్మకథ

అమెరికాలో కొత్త కారు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు రంగు చూస్తారు, సీట్లు చూస్తారు, స్టీరింగు పట్టుకుని చూస్తారు. కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించిన కాగితం మీదికి చూపు ఆఖర్న వెళ్తుంది. ఇది ఆ కాగితం చెప్పుకుంటున్న కథ. తనను తాను ‘ఈ కాగితం’ అనే పిలుచుకుంటుంది. దాని మీది అక్షరాల్లో చాలా మటుకు చట్టం రాయించినవే. అందుకే ‘నేను’ అనే అలవాటు దానికి లేదు.

ఈ కాగితం అంటుకున్న బండి 2015 మోడల్ హోండా ఫిట్, ఎల్ఎక్స్ రకం. మన దేశంలో జాజ్ పేరుతో తిరిగింది ఇదే. మెక్సికోలోని సెలాయా ఫ్యాక్టరీలో తయారై, టెక్సస్‌లోని అర్వింగ్‌లో ఒక డీలరు ఆవరణలో ఎండకు నిలబడింది. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే కారు కోసం తిరిగే పిల్లలకు అక్కడ కొదవ లేదు.

అమెరికాలో ఈ కాగితాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ పట్టుబట్టి తెచ్చిన చట్టం 1958లో వచ్చింది. అంతకుముందు డీలర్లు తోచిన ధర చెప్పేవారు. ముందు ధర పెంచి, తర్వాత తగ్గించినట్టు చూపించి, కొన్నవాడు లాభపడ్డానని సంబరపడేలా చేసేవారు. ఆ చట్టంతో తయారీదారు సూచించిన ధర, అదనపు హంగుల ధర, బండిని చేరవేసే ఖర్చు, అన్నీ కలిపిన మొత్తం అద్దం మీదికి ఎక్కాయి. బండి కొన్నవాళ్ల చేతికి వచ్చేదాకా కాగితాన్ని మరెవరూ పీకకూడదు. డీలరు పీకినా నేరమే.

మైలేజీ అంకెలు దాని మీదికి చేరడానికి చమురు కరువు రావాల్సి వచ్చింది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక పెట్రోలు బంకుల ముందు బార్లు తీరిన కార్లను చూసిన అమెరికాకు చిన్న బండి విలువ తెలిసొచ్చింది. హోండా సివిక్, ఫోక్స్‌వ్యాగన్ ర్యాబిట్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌లకు ఆ దేశంలో చోటు దొరికింది అప్పుడే. 1975లో వచ్చిన ఇంధన చట్టం మైలేజీ చీటీని తప్పనిసరి చేసింది. కార్ల కంపెనీల సగటు మైలేజీ 1985 నాటికి గ్యాలనుకి 27.5 మైళ్లకు చేరాలని కూడా అదే చట్టం గీత గీసింది.

డీలరు ఆవరణలో ఉన్న ఫిట్ దగ్గరికి ఒక రోజు ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైనవాడు. ఏ డ్రైవరు లీటరుకి ఎన్ని కిలోమీటర్లు (కేఎంపీఎల్) తెచ్చాడో రోజూ బోర్డు మీద రాసే చోట జీవితమంతా గడిపిన మనిషి. కొడుకు టైర్లు చూస్తుంటే ఆయన నేరుగా కాగితం దగ్గరికి వచ్చి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏరా, ఇది లీటరుకి ఎంత ఇస్తుంది?"

"ఇక్కడ గ్యాలన్ల లెక్క నాన్నా. గ్యాలనుకి 36 మైళ్లు."

ఆయన ఫోనులో గుణకారాలు భాగహారాలు చేశాడు. గ్యాలను అంటే 3.785 లీటర్లు, మైలు అంటే 1.609 కిలోమీటర్లు. లీటరుకి పదిహేను కిలోమీటర్లకు కాస్త పైన తేలింది. పెదవి విరిచాడు గానీ అక్కడినుంచి కదల్లేదు. పెద్ద అంకె పక్కన ఊళ్లో 33, హైవేలో 41 అని ఉంది. వాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఇంకో వరుస మీద వేలు పెట్టాడు. నూరు మైళ్లకు 2.8 గ్యాలన్లు.

"ఇదీ అసలు లెక్క. వంద మైళ్లకి ఎంత తాగుతుందో ఇది చెబుతోంది. మిగతా బళ్లవి కూడా ఇదే చూద్దాం పద."

ఈ కాగితానికి అంతకన్నా సంతోషం ఇంకోటి లేదు. ఆ చిన్న వరుస దాని మీదికి రావడం వెనక ఒక పరిశోధన ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. గ్యాలనుకి ఎన్ని మైళ్లు అనే అంకె కొనేవాళ్ల లెక్కను తప్పుదోవ పట్టిస్తోందని చూపించారు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగే ఇంట్లో 15 మైళ్లిచ్చే పాత పెద్ద బండిని తీసేసి 20 ఇచ్చేది తెస్తే 250 గ్యాలన్లు మిగులుతాయి. అదే 36 ఇచ్చే ఫిట్ బదులు 50 ఇచ్చే ప్రియస్ కొంటే మిగిలేది 117 గ్యాలన్లు. అక్కడ పెరిగింది అయిదు మైళ్లు, ఇక్కడ పెరిగింది పద్నాలుగు. అయినా అయిదు మైళ్లదే రెట్టింపు పైగా ఆదా. 2013 మోడళ్ల నుంచి తప్పనిసరైన కొత్త చీటీలో నూరు మైళ్ల వరుస చేరింది.

తండ్రీ కొడుకులు ఆ సాయంత్రం మరో రెండు మూడు చోట్లకు తిరిగి వచ్చారు. కొడుకు చేతిలో చీటీల ఫోటోలున్నాయి. నిస్సాన్ వెర్సా నోట్ 35. ఫిట్‌తో పోలిస్తే ఏడాదికి పన్నెండు గ్యాలన్ల తేడా, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మిత్సుబిషి మిరాజ్ 40. ఏడాదికి 42 గ్యాలన్లు తక్కువ తాగుతుంది, గ్యాలను మూడు డాలర్లనుకుంటే 125 డాలర్లు. కానీ దానిది మూడు సిలిండర్ల 74 హార్స్‌పవర్ ఇంజను, ఫిట్‌ది 130. డాలస్ ఫ్రీవే మీద అరవై డెబ్బై మైళ్ల వేగంతో పోయే లారీల మధ్యకు ర్యాంపు మీంచి దూరేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఇక ప్రియస్. పెట్రోలులో ఏడాదికి 350 డాలర్లు మిగిలినా, ఆనాటి బేస్ మోడళ్ల ధరల్లో తేడా ఏడెనిమిది వేలు. వడ్డీ లేకుండా లెక్కేసినా తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

"మరి ఈ 36 గ్యారంటీయేనా?" అని తండ్రి అడిగాడు. సేల్స్ మనిషి నవ్వి ఊరుకున్నాడు. జవాబు ఈ కాగితమే చెప్పాలి. కాదు. కింద ఆ మాట రాసే ఉంది, నడిపే తీరును బట్టి, దారిని బట్టి మారుతుందని. ఈ అంకె రోడ్డు మీద కొలిచింది కాదు. గదిలో రోలర్ల మీద చక్రాలు తిప్పి, పొగలోని కార్బన్‌ను కొలిచి, ఎంత ఇంధనం కాలిందో తేలుస్తారు. ఎక్కువ పరీక్షలు కంపెనీలే చేసుకుంటాయి. పర్యావరణ సంస్థ ఈపీఏ కొన్ని బళ్లను మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ ప్రయోగశాలకు తెప్పించి సరిచూస్తుంది. ఒకప్పటి హైవే పరీక్షలో వేగం అరవై మైళ్లు దాటేది కాదు, ఏసీ వేసేవారు కాదు. 2008 మోడళ్ల నుంచి ఎనభై మైళ్ల వేగం, 35 డిగ్రీల సెల్సియస్ ఎండలో ఏసీ, సున్నాకు ఏడు డిగ్రీలు కిందున్న చలి కూడా లెక్కలోకి వచ్చాయి. దాంతో పాత అంకెలు కూలిపోయాయి. 2000 నాటి హోండా ఇన్‌సైట్ మాన్యువల్ బండి ఊళ్లో 61, హైవేలో 70 అని గర్వంగా చెప్పుకునేది. కొత్త లెక్కలో అది 49, 61 అయింది. 2005 ప్రియస్ 60, 51 నుంచి 48, 45కి దిగింది. బండి మారలేదు, కొలత మారింది. పాత చీటీని కొత్త చీటీ పక్కన పెట్టి పోల్చేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

ఈ కాగితం జాతికి తలవంపులు తెచ్చిన రోజులూ ఉన్నాయి. 2012 నవంబరులో హ్యుందయ్, కియా తమ బళ్ల మైలేజీ ఎక్కువ చేసి రాశామని ఒప్పుకున్నాయి. తొమ్మిది లక్షల దాకా బళ్ల చీటీలు మార్చాల్సి వచ్చింది. యాక్సెంట్, రియో లాంటి చిన్న బళ్లు కూడా అందులో ఉన్నాయి. 2014లో పది కోట్ల డాలర్ల జరిమానాతో కేసు తేలింది. 2013లో ఫోర్డ్ సి-మ్యాక్స్ హైబ్రిడ్ 47 నుంచి 43కి దిగింది. ఒకే రకం ఇంజనున్న ఫ్యూజన్ పరీక్ష ఫలితాన్నే దీనికీ వాడుకునే వీలు నిబంధనల్లో ఉండేది. ఎత్తుగా ఉన్న బండి గాలిని వేరేగా కోస్తుందని ఆ అంకెకు తెలియదు కదా. ఈ తప్పులు దాచితే కాగితానికి విలువ ఉండదు. సరిదిద్దారు కాబట్టే మిగతా అంకెల మీద నమ్మకం నిలిచింది.

అద్దం మీద ఇంకో కాగితం కూడా ఉంది. అది డీలరు అంటించింది. టైర్లలో నైట్రోజన్, రంగుకు పూత, కిటికీలకు ఫిల్ము అంటూ కొన్ని వందల డాలర్లు జోడించి కింద కొత్త మొత్తం రాస్తారు. అక్షరాలూ గీతలూ చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆ రెండోదాన్ని రాయించింది మన్రోనీ చట్టం కాదు. దాని మీద బేరం ఆడొచ్చు, వద్దనొచ్చు. ఆ తండ్రి అదే చేశాడు. ఫిల్ము ఒక్కటీ ఉంచమని, మిగతావి తీసేయమని కొడుకుతో చెప్పించాడు.

ఈ కాగితం పూర్తిగా చెప్పలేనిదీ ఒకటుంది, భద్రత. దాని మీదున్న నక్షత్రాలు ప్రభుత్వ సంస్థ ఢీకొట్టి చూసిన పరీక్షవి. ఎదురుగా గుద్దుకునే పరీక్షలో వచ్చిన నక్షత్రాలను అదే బరువున్న బళ్లతోనే పోల్చాలి. ఇన్సూరెన్సు కంపెనీల సంస్థ ఐఐహెచ్ఎస్ 2014 జనవరిలో పదకొండు చిన్న కార్ల ముందు మూలను గోడకు కొట్టి చూసింది. షెవర్లే స్పార్క్ ఒక్కటే పరవాలేదనిపించుకుంది. అప్పటి ఫిట్ అడుగు వరుసలో ఉంది. 2015 ఫిట్ బంపర్ వెనక దూలాన్ని హోండా మార్చాకే దాని స్థాయి మెరుగైంది. ఇవేవీ అద్దం మీద కనిపించవు, విడిగా వెతుక్కోవాలి.

కొడుకు ఫిట్ కొన్నాడు. ముందు సీట్ల కింద పెట్రోలు ట్యాంకు ఉండటంతో వెనక సీటు అడుగు భాగం పైకి లేస్తుంది. ఆ ఖాళీలో వెట్ గ్రైండరు నిలువుగా పట్టింది, బియ్యం బస్తాలు పట్టాయి. ఈ కాగితాన్ని ఆ తండ్రే మెల్లగా ఒలిచి, మడతపెట్టి, టైటిల్ కాగితాలతో పాటు ఫైల్లో పెట్టాడు. కొన్నేళ్లకు బండి ఎమ్మెస్ చదివే ఒక అమ్మాయికి అమ్ముడైనప్పుడు ఫైలుతో పాటు ఇదీ చేతులు మారింది.

ఇప్పుడు అమెరికాలో కొత్త ఫిట్ దొరకదు, 2020తో ఆగిపోయింది. స్పార్క్ 2022తో, మిరాజ్ 2024 మోడల్‌తో వెళ్లిపోయాయి. చవకగా చిన్న హ్యాచ్‌బ్యాక్ కావాలంటే సెకండ్‌హ్యాండ్ వైపే చూడాలి. పాత బండి అద్దం మీద మన్రోనీ కాగితం ఉండదు. వారంటీ ఉందో లేదో చెప్పే బయ్యర్స్ గైడ్ ఉంటుంది, అందులో మైలేజీ ఉండదు. అందుకని బేరానికి ముందు ఫ్యూయల్ ఎకానమీ డాట్ గవ్ తెరవండి. 1984 నుంచి వచ్చిన మోడళ్లన్నీ ఈనాటి కొలతకు మార్చి అక్కడ పెట్టారు, నాలుగు బళ్లను పక్కపక్కన చూసుకోవచ్చు. మోడల్ పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి, సంవత్సరం, గేర్‌బాక్సు కూడా సరిపోల్చుకోండి. 2013 ఫిట్ బేస్ ఆటోమేటిక్ 31 ఇస్తే 2015 ఎల్ఎక్స్ ఆటోమేటిక్ 36 ఇస్తుంది. అదే 2015 బండి మాన్యువల్ గేరుతో అయితే 32.