ఫోన్ ఇటివ్వు బాబాయ్

నరసరావుపేట బస్టాండులోనైనా, మాచర్ల బండిలోనైనా పక్కవాడు ఫోన్ తీసి ఏదో వెతుక్కుంటుంటే చూస్తూ ఊరుకోవడం పల్నాటి మనిషి చేత కాదు. “ఆ యాప్ లేదా నీ దగ్గర? ముందది వేసుకో!” అనేస్తాడు. వెనకటికి మోకాళ్ల నొప్పులకు పసరు మందు చెప్పిన నోళ్లే ఇప్పుడు యాప్‌లు చెబుతున్నాయి. ఈ వ్యాసం రాస్తున్న మనిషి కూడా అందులో తక్కువేం తినలేదు. ఈ విద్య ఇంకా పట్టుబడనివాళ్ల కోసం కొన్ని మెళకువలు.

మొదటిది: ఎదుటివాడికి ఏం కావాలో అడగకూడదు. అడిగితే పని చిన్నదైపోతుంది.

రెండోది: పేరు చెప్పి వదిలేయకూడదు. “ఫోన్ ఇటివ్వు బాబాయ్, నేనెక్కిస్తా” అని చేతిలోంచి తీసుకోవాలి. చోటు చాలదని ఫోన్ మొత్తుకుంటే మనవరాలి వీడియోలు నాలుగు పీకేయాలి. కాంటాక్టులు, కెమెరా, లొకేషన్ అంటూ అడిగిన ప్రతిసారీ చదవకుండా ‘అలో’ నొక్కాలి. అమెరికాలో ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అని ఒక టార్చిలైటు యాప్ ఉండేది. కోట్లమంది దించుకున్నారు. వాడేవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో అది ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని 2013లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. లైటు వేసినందుకు ఆ మాత్రం కూలి గిట్టాలి కదా.

జిల్లా ఏదని యాప్ అడిగితే వేలు దానంతటదే గుంటూరు మీదికి పోతుంది, పోనివ్వాలి. పల్నాడు వేరు జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. వేళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

రైలెక్కినవాడికి ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ చెప్పాలి. బెంగళూరు కంపెనీ ఒకటి తయారుచేస్తే 2018లో గూగుల్ కొనేసింది. నెట్ లేకపోయినా సెల్‌టవర్లను బట్టి బండి ఎక్కడుందో చూపిస్తుంది. నడికుడిలో ఆగిపోయిన బండి నడికుడిలోనే ఆగిందని ఫోన్లో చూసి ధ్రువపరుచుకోవచ్చు.

రెంటచింతలలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎంత ఎండ ఉందో చెప్పే యాప్‌ను రెంటచింతల మనిషికి సిఫారసు చేయగలిగినవాడు ఈ విద్యలో ఆరితేరినట్టే.

అసలు పనితనమంతా వాన యాప్‌ల దగ్గర తెలుస్తుంది. గురజాల పక్కన ఒక కల్లం అనుకోండి. మిర్చి ఆరబోసి ఉంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పడమట మబ్బు లేచింది. తడిస్తే కాయ రంగు పోతుంది, రంగు పోతే గుంటూరు యార్డులో రేటు పోతుంది. అప్పుడు చదువుకున్న కుర్రాడు ఫోన్ తీస్తాడు. ఒక యాప్‌లో ఎండ బొమ్మ, ఇంకోదాంట్లో గొడుగు బొమ్మ. మూడోది ముందు ప్రకటన చూడమంటుంది. “మేఘదూత్ వేసుకో పెదనాన్నా, గవర్నమెంటుది” అంటాడు. మంచిదే. వాతావరణ శాఖ 2019లో తెచ్చింది, ఏ పంటకు ఏం చేయాలో వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో చెబుతుంది. నెత్తిమీది మబ్బు మాత్రం శుక్రవారం దాకా ఆగేట్టు లేదు. పెదనాన్న ఈలోగా మాచర్లలోని బావమరిదికి ఫోన్ కొట్టాడు. “ఏం బావా, మీకెట్టా ఉంది?” “దుమ్ము లేచింది, పట్టాలు కప్పుకో.” కప్పేశారు. కుర్రాడు ఇంకా అకౌంట్ తెరుస్తూనే ఉన్నాడు.

అయినా ‘దామిని’ విషయంలో నవ్వడానికి మనసొప్పదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ చేసిన ఈ యాప్, 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. గొర్రెలు కాసేవాళ్లకు, పొలం కూలీలకు నిజంగా పనికొచ్చేది. అది పలకాలంటే ఫోన్లో డేటా ఉండాలి, లొకేషన్ ఉండాలి, ఛార్జింగ్ ఉండాలి. వీటన్నిటికంటే ముందు ఫోన్ మనిషి దగ్గరుండాలి. మిరపచేలో కూలికి వెళ్లిన ఆవిడ ఫోన్ గట్టున చెట్టుకు తగిలించిన అన్నం సంచిలో ఉంటుంది. హెచ్చరిక వినాలంటే ఆ చెట్టు కిందికే రావాలి.

చెప్పినందుకు ఎంత గిడుతుందో కూడా చూసుకోవాలి. 2017లో ‘తేజ్’ వచ్చిన కొత్తల్లో, అంటే ఇప్పటి గూగుల్ పే, ఒకరిని చేర్పిస్తే 51 రూపాయలు పడేవి. దూరపు చుట్టాల క్షేమసమాచారాలు అంతగా కనుక్కున్న కాలం మళ్లీ రాలేదు.

అప్పులిచ్చే యాప్‌ల జోలికి మాత్రం ఎవరినీ తోయకూడదు. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో వాటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఫోన్లోని నంబర్లన్నీ లాగేసి, బాకీదారు చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పు యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది 2022 సెప్టెంబరులో. పీఎం కిసాన్ పేరు తగిలించుకుని వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైలుదీ అదే దారి: నొక్కితే ఫోన్ దొంగ చేతిలోకి, ఖాతా సున్నాలోకి. అది చాలాసార్లు వచ్చేది ఊరి గ్రూపులోంచే, బాగా తెలిసినవాడి పేరుతోనే. మనవాడు పంపాడుగా అని నొక్కుతారు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు ఎవరూ ఎవరికీ ఫార్వర్డ్ చేయరు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో పెట్టిన ‘మన మిత్ర’ సంగతీ అంతే. 2025 జనవరి 30న మొదలుపెట్టినప్పుడే 161 సేవలు పెట్టారు. 9552300009కి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చాలు. ఎక్కించడానికి యాప్ లేదు, కాబట్టి చెప్పినవాడికి గొప్పా లేదు.

ఇంతకీ బాబాయ్‌ని ఎవరైనా అడిగితే ఆయనకు కావలసింది ఒక్కటే: అక్షరాలు పెద్దగా కనపడాలి. అది సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే లోపల, ఫోన్ కొన్న రోజు నుంచీ ఉంది. ప్లేస్టోర్‌లో దానికీ యాప్‌లున్నాయనుకోండి, ప్రకటనలతో సహా.