రంగం పోయినవాని మనుమడు

తన్ను తాను తెలిసికొనగోరువానికి వేదాంతులు ఏకాంతమును, తపస్సును విధించిరి గాని, తాళ్ళరేవు మీదుగా కోరంగికి పోయి, మునుపెన్నడును చూడని బంధువర్గము నడుమ అరుగుపై అరపూట కూర్చుండుట అంతకంటె దగ్గరిదారి యని వారికి తోచినట్లు లేదు.

మద్రాసులో పుట్టి పెరిగిన నేను పూర్వులను గూర్చి విన్నది స్వల్పము. మా తాతగారు ఆ తీరవాసులనేకుల వలెనే కాకినాడలో పొగయోడ నెక్కి రంగం పోయి, రేవుకూలీలకు మేస్త్రీ యై, 1930లో అచ్చటి తెలుగు కూలీలకును బర్మావారికిని చెలరేగిన కొట్లాటలకు చలింపక నిలిచి, 1941 డిసెంబరులో జపానువారు బాంబులు కురిపించిన పిమ్మట మాత్రము తట్టాబుట్టా సర్దుకొని మద్రాసు చేరిరట. ఇక ఓడలకు పుట్టినిల్లయిన ఆ కోరంగినో, 1839 నాటి తుపాను ఏనాడో మింగివేయగా, ఇప్పుడచ్చట మడచెట్లును, పీతలును, మా బంధువులును మాత్రమే శేషించియున్నారు.

"ఎవరి తాలూకు బాబూ?" అని యడుగగా నా చదువును, ఉద్యోగమును, పత్రికలలో అచ్చయిన వ్యాసములను సవినయముగా నివేదించితిని. ఎవరును ఊకొట్టలేదు. మూలనుండి అడ్డచుట్ట కాల్చుచున్న యొక ముదుసలి లేచివచ్చి, నిప్పుకొన నోటినుండి తీసి, నా గడ్డము పట్టి మొగము వెలుతురునకు త్రిప్పి, "ఒరేయ్, రంగం పోయిన మా అన్న మనవడురా! అదే ముక్కు!" అని తీర్పు చెప్పెను. తలయెత్తి చూతును గదా, మద్రాసులో నా యొక్కని దురదృష్టమని తలచిన ఆ ముక్కే అరుగుపై ఏడెనిమిది ముఖములమీద నిర్లజ్జగా విరాజిల్లుచున్నది!

అంతలో సభ నిశ్శబ్దమయ్యెను. కొబ్బరితోటలో వాటా కొరకు వచ్చితినేమో యన్న శంక ఒక ముక్కునుండి మరియొక ముక్కునకు ప్రాకుట కన్నులార చూచితిని. నాకు మట్టయు అక్కరలేదని ప్రమాణము చేసినదే తడవుగా మంచము వాలినది, పులస పులుసు వచ్చినది, వరుసలు పుట్టుకొచ్చినవి.

విస్తరి యెత్తునప్పుడు మామయ్య వరుసవాడొకడు చెవిచేర వచ్చి, "ఆయ్, అల్లుడుగారూ! మీ తాత ఓడెక్కే రోజున మా అయ్య దగ్గర 12 రూపాయలు పుచ్చుకున్నాడండి" అనెను. వడ్డీ ప్రసక్తి తేకపోవుట ఆయన పెద్దమనసు. చెల్లించితిని.

కావున ఆత్మాన్వేషణమునకై పూర్వుల గ్రామమునకు పయనమగు చదువరులు హక్కుపత్రములు ఇంటనే విడిచి, చిల్లర మాత్రము కొంత అధికముగా వెంట నుంచుకొనవలసినదిగా ప్రార్థన.