కారని చోట కారణం

మూలం (ఆటవెలది)

చుక్క కారుచోట చూచి బిగింతురు
చుక్క రాని చోట చూడరెవరు
కారకున్న చోటె కారణమున్నది
గాలి చొచ్చు దారి కనుము మొదట

అవతారిక: రాత్రి చక్కగా వచ్చి ఆగిన లారీ తెల్లవారుజామున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. ఫీడ్ పంపు మీది చేతిపంపు పది పన్నెండుసార్లు నొక్కితే అందుకుంటుంది. మర్నాడు మళ్లీ అదే కథ. జబ్బు ముదిరితే నడుస్తూనే ఇంజన్ చప్పుడు ఎక్కుతూ దిగుతూ ఊగి, సరిగ్గా ఎత్తు ఎక్కేచోట ఆగిపోతుంది. దీనికి డ్రైవర్ల నోట ‘ఎయిర్ పట్టింది’ అని పేరు. ఆ గాలి దూరే చోటు వెతికేవారికి చెప్పిన పద్యమిది. ఛాసిస్ పక్కన వేలాడే ట్యాంకు, ఇంజన్‌కు ఆనుకున్న ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఇన్‌లైన్ పంపు, నాజిళ్లు ఉన్న పాతకాలపు లారీని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాఖ్య సాగుతుంది.

ప్రతిపదార్థం: చుక్క కారుచోట = డీజిల్ తడి కనబడేచోట; చూచి = దుమ్ము పట్టి నల్లబడిన ఆ తడిని చూసి; బిగింతురు = పానా పట్టుకుని నట్టు అరిగేదాకా తిప్పుతారు; చుక్క రాని చోట = పొడిగా, శుభ్రంగా, ఏ పాపం ఎరగనట్టు కనిపించే జాయింటు దగ్గర; చూడరెవరు = మేస్త్రీ చూడడు, క్లీనర్ చూడడు, సలహా చెప్పడానికి చేరిన నలుగురూ చూడరు; కారకున్న చోటె = ఆ పొడిచోటులోనే; కారణమున్నది = జబ్బు మూలం ఉంది; గాలి చొచ్చు దారి = గాలి లోపలికి దూరే సందును; కనుము మొదట = ముందుగా వెతుకు.

తాత్పర్యం: ఫీడ్ పంపు తర్వాత డీజిల్ ఒత్తిడితో నడుస్తుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి వస్తుంది, ఇంజన్ నడుస్తున్నంతసేపూ గాలి లోపలికి పోదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా మాత్రం డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. కుర్రవాడు కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టే. స్ట్రాకు చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. లారీలోనూ అంతే. పైపు లోపలి పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువ కాబట్టి సన్నని సందులోంచి గాలే లోపలికి వస్తుంది, డీజిల్ చుక్క బయటికి రాదు. ‘కార’ అనే అక్షరాలు రెండుచోట్లా వచ్చి అర్థం మార్చుకోవడం యమకం. లీకు ఉండీ కారకపోవడం విరోధాభాసం. పద్యంలో విరోధం ఆభాసమే కాని, నడిరోడ్డు మీద ఆగిన లారీ ఆభాసం కాదు.

విశేషాలు. గాలి ఎందుకు అంత ద్రోహి? డీజిల్ దాదాపు నొక్కుకుపోని ద్రవం. ఇన్‌లైన్ పంపులోని ప్లంజరు తోసిన తోపంతా నాజిల్ దాకా అందుతుంది. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికి సుమారు 200 బార్ ఒత్తిడి కావాలి. మధ్యలో గాలిబుడగ ఉంటే ప్లంజరు తోసినప్పుడు అది నలుగుతుంది, వదిలినప్పుడు మళ్లీ ఉబ్బుతుంది. నాజిల్ నోరు విప్పదు. చరిత్రలో ఈ గాలికి ఒకనాడు గౌరవస్థానమే ఉండేది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని సిలిండర్లోకి చిమ్మింది బిగబట్టిన గాలే. 1927లో బాష్ ఇంజెక్షన్ పంపు తయారీకి వచ్చాక గాలికి ఆ కొలువు పోయింది. అప్పటినుంచి పిలవని పేరంటానికి వస్తూనే ఉంది.

పాఠాంతరం: ‘గాలి తీయు దారి’ అని కొందరు చదువుతారు. గణభంగం లేదు, అర్థభంగం ఉంది. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా ఆగి, బిగించి, ఇన్‌లైన్ పంపు మీది స్క్రూ దగ్గరా అలాగే చేయడం గాలి తీయడం. అది కావలసిన పనే. కాని జ్వరానికి తడిగుడ్డ వేయడం వంటిది. ఉదయం తీసిన గాలి సాయంత్రానికి తిరిగి చేరిందంటే దారి తెరిచే ఉంది. కాబట్టి ‘చొచ్చు’ అన్నదే సాధుపాఠం.

శంక: పొగను బట్టి తెలుసుకోవచ్చు కదా? తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారెవరికైనా పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని తెలుసు, వంటిల్లే అందుకు దృష్టాంతం. లారీ సైలెన్సరు ఈ దృష్టాంతాన్ని ఒప్పుకోదు. సెల్ఫ్ కొడుతుండగా తెల్లపొగ వస్తే అది కాలని డీజిల్ ఆవిరి. పొగ ఉంది, నిప్పు లేదు. డీజిల్ సిలిండర్ దాకా వస్తోందని మాత్రం రూఢి. పొగే రాకపోతే డీజిలే రావడం లేదు, అప్పుడు గాలిని అనుమానించాలి. అనుమానించడమే కాని శిక్ష వేయరాదు. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం మట్టితో పూడినా, ట్యాంకులోని జాలీకి చెత్త అడ్డుపడినా లక్షణాలు ఇవే. మూత విప్పగానే సుయ్యిమని శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే దోషం మూతది.

పరీక్ష. ఫీడ్ పంపులోకి వచ్చే పైపులో జానెడు పారదర్శక గొట్టం, బయటికి పోయే పైపులో మరొకటి బిగించి ఇంజన్ నడపాలి. మొదటిదానిలో బుడగలు కనిపిస్తే ట్యాంకు వైపు దోషం. మొదటిది నిర్మలంగా ఉండి రెండోదానిలో బుడగలుంటే ఫీడ్ పంపు సీలు గాని, చేతిపంపు గాని దోషి. తార్కికులు అన్వయ వ్యతిరేకాలు అనేది డబ్బా పరీక్షలో కనిపిస్తుంది. ఫీడ్ పంపు దగ్గర ట్యాంకు పైపు విప్పి, పొట్టి గొట్టంతో శుభ్రమైన డబ్బాలోని డీజిల్ అందించాలి. ట్యాంకు పైపు ఉంటే బుడగలు ఉన్నాయి, అది లేకపోతే బుడగలు లేవు. ఇక సందేహం లేదు. ఆ పైపులో ఏ జాయింటు అన్నది తేల్చడానికి ఒక్కొక్క జాయింటుకూ చిక్కగా గ్రీజు పూసి చూడాలి. ఏది పూసినప్పుడు బుడగలు ఆగాయో అదే దొంగ. లేదా పైపు ఒక కొస మూసి, రెండో కొస నుంచి చిన్న పంపుతో 5 పి.ఎస్.ఐ. దాటకుండా గాలి నింపి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయాలి. లోపలికి దూరే గాలిని బయటికి పంపించి పట్టుకోవడం ఈ పద్ధతిలోని చమత్కారం.

‘మొదట’ అన్న మాటలో శ్లేష ఉంది. ముందుగా అనే అర్థం ఒకటి, పైపు మొదలు దగ్గర అనేది రెండోది. ట్యాంకు లోపల దిగే పీల్చుగొట్టానికి సన్నని బీట ఉంటే, డీజిల్ ఆ బీటకు పైన ఉన్నన్నాళ్లూ బండి రాజాలా నడుస్తుంది. ట్యాంకు సగానికి దిగగానే గాలి పడుతుంది. నింపితే మళ్లీ కుదురుతుంది. డీజిల్ కల్తీ అని బంకువాడితో తగవు పడేది ఇలాంటి బండివారే. క్లిప్పు కింద పగిలిన రబ్బరు గొట్టం, సెడిమెంట్ గిన్నె అంచు రింగు, ఒకసారి నలిగిన రాగి వాషర్లు తర్వాతి అనుమానితులు.

అవ్యాప్తి దోషం: పొలాల్లోని చిన్న ఆయిల్ ఇంజన్లకు ట్యాంకు నెత్తిన ఉంటుంది, డీజిల్ తన బరువుతోనే దిగుతుంది. అక్కడ సందు ఉంటే చుక్క కారుతుంది, పద్యం వర్తించదు. ఆ ఇంజన్లకు గాలి పట్టేది ఎక్కువగా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినప్పుడు. కామన్ రైల్ బండ్లకు సూత్రం వర్తిస్తుంది, చేత కూడదు. ఆ రైలులో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది కాబట్టి ఇంజన్ నడుస్తుండగా దాని పైపు నట్టు వదులు చేయరాదు. చిమ్మిన డీజిల్ చర్మాన్ని తొలుచుకుపోతుంది.

‘బిగింతురు’ మీద చివరి మాట. రాగి వాషర్ మెత్తగా ఉన్నప్పుడే అంచులకు అతుక్కుని సందు మూస్తుంది. ఒకసారి బిగిశాక గట్టిపడుతుంది, ఇంకెంత బిగించినా అతకదు. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయడం అంతకన్నా మేలు.